తప్పు నీది, పుస్తకం మాది

వ్యక్తిత్వ వికాస పుస్తకాల వల్ల ఉపయోగం లేదనేవాళ్లు కృతఘ్నులు. ఒక్కటా, రెండా ఉపయోగాలు? నోటిఫికేషన్ వేయని ప్రభుత్వానికి ఉపయోగం. జీతం పెంచని యజమానికి ఉపయోగం. పేపరు దిద్దడం చేతకాని పరీక్షల బోర్డుకు ఉపయోగం. ఫీజు మొత్తం ముందే కట్టించుకున్న కోచింగ్ సెంటరుకు మరీ ఉపయోగం. ఇంతమందికి ఒకే దెబ్బకు పనికొచ్చే సరుకు బజారులో ఇంకోటి ఉంటే చూపించండి. చదివినవాడి సంగతేమిటంటారా? వాడిక్కూడా ఏదో ఒకటి ఉంటుంది లెండి. ముందు పెద్దల సంగతి చూద్దాం.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల మధ్య కాసేపు నిలబడండి. లేదా విజయవాడ బస్టాండులో పుస్తకాల స్టాలు దగ్గర ఆగండి. వీటిని గుర్తుపట్టడానికి పేరు చదవక్కర్లేదు, అట్ట చాలు. ఉదయిస్తున్న సూర్యుడు, కొండ కొమ్మున చేతులు చాచి నిలబడ్డ మనిషి, వాడి ఒంటి మీద కోటు. మే నెలలో కోటు వేసుకుని ఇంద్రకీలాద్రి ఎక్కినవాణ్ని ఎవరైనా అభినందిస్తారా, ఆస్పత్రికి తీసుకెళతారా? లోపల అక్షరాలు లావుగా ఉంటాయి, అధ్యాయానికో ఖాళీ పేజీ ఉంటుంది. ఆ ఖాళీలో మన లక్ష్యాలు మనల్నే రాసుకోమంటారు. అంటే పుస్తకంలో కొంత మనమే రాసి, వెల మాత్రం పూర్తిగా చెల్లిస్తున్నామన్నమాట. రాయల్టీలో వాటా అడిగినవాడు ఇంతవరకూ లేడు. అంతటి చొరవ పుట్టించే పుస్తకం ఇంకా రాలేదు కాబోలు.

ఈ సాహిత్యానికి లెక్కలంటే మహా ప్రీతి. స్టీఫెన్ కవీ 1989లో ఏడు అలవాట్లు ఉంటే చాలన్నాడు. ప్రపంచమంతా ఏడూ నేర్చుకునే పనిలో పడింది. 2004లో ఆయనే వచ్చి ఎనిమిదో అలవాటు ఒకటుందంటూ ఇంకో పుస్తకం చేతిలో పెట్టాడు. ఆ పదిహేనేళ్లూ ఏడింటితోనే నెట్టుకొచ్చినవాళ్ల గతేం కాను? మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 'తులసిదళం'తో తెలుగువాళ్లను రాత్రిళ్లు నిద్రపోనివ్వని యండమూరి వీరేంద్రనాథ్ తర్వాత పగలు కూడా ఊరికే కూర్చోనివ్వలేదు, 'విజయానికి ఐదు మెట్లు' కట్టారు. జనం ఎగబడి ఎక్కారు. ఐదో మెట్టు మీద నిలబడి నలుదిక్కులా చూస్తే విజయం జాడ లేదు. అప్పుడు 'విజయానికి ఆరో మెట్టు' వచ్చింది. అపార్టుమెంటు కట్టేవాడు ప్లానులో లేని అంతస్తు ఇలా లేపితే మున్సిపాలిటీ నోటీసైనా ఇస్తుంది.

ఇక జేమ్స్ క్లియర్ ఉన్నాడు. ఆయన 'అటామిక్ హ్యాబిట్స్' 2018లో వచ్చింది. రోజుకు ఒక్క శాతం మెరుగుపడితే ఏడాది తిరిగేసరికి 37 రెట్లు మెరుగవుతారన్నది అందులో లెక్క. చక్రవడ్డీ లెక్క కాబట్టి గణితంలో తప్పేమీ లేదు. మరి ఏడాదితో ఆపడం ఎందుకు? రెండేళ్లకు 1,400 రెట్లు దాటుతుంది, మూడేళ్లకు దాదాపు 54 వేల రెట్లు. పుస్తకం విడుదలైన రోజే కొని, మాట తప్పకుండా పాటించినవాడు ఇప్పటికి భూమ్మీద పట్టకూడదు. బస్సులో పక్క సీటులో వాడు మామూలుగానే కూర్చుని అదే పుస్తకం చదువుతున్నాడు, యాభై రెండో పేజీలో వేలు పెట్టుకుని.

వ్యక్తిత్వ వికాసం జీవితాంతం సాగాల్సిన ప్రయాణమని ఈ పుస్తకాలన్నీ ముక్తకంఠంతో చెబుతాయి. ఇందులో పెద్ద వ్యాపార సూక్ష్మం ఉంది. మొదటి పుస్తకం పనిచేసిందనుకోండి, రెండోదానికి గిరాకీ ఉండదు. కాబట్టి మొదటిది పనిచేయకూడదు. అలాగని పనిచేయకపోవడానికి కారణం పుస్తకమే అని పాఠకుడికి తట్టకూడదు. ఈ చిక్కుముడిని వాళ్లు విప్పిన తీరుకు రెండు చేతులెత్తి దండం పెట్టాలి: ఫలితం రాలేదా, అయితే నువ్వు మనస్ఫూర్తిగా నమ్మలేదు. రోండా బర్న్ 2006లో 'ద సీక్రెట్'లో ఈ విద్యను పరాకాష్ఠకు చేర్చింది. అడుగు, నమ్ము, పుచ్చుకో. మూడు ముక్కల్లో మోక్షం. కారు అడిగి, నమ్మి, వీధి గుమ్మంలో నిలబడితే కారు రాలేదనుకోండి, విశ్వానికి అడ్రసు తెలియక కాదు, నీ నమ్మకంలోనే ఎక్కడో కల్తీ జరిగింది. గెలిస్తే పుస్తకం మహిమ, ఓడితే పాఠకుడి ఖర్మ. ఇంత భద్రమైన వ్యాపారం ఎల్ఐసీ వాళ్లకు కూడా దక్కలేదు, పాపం వాళ్లు అప్పుడప్పుడూ డబ్బు తిరిగివ్వాల్సి వస్తుంది.

గురువుల అర్హతలు అడగడం మన సంప్రదాయం కాదు కానీ, నలుగురైదుగురి గురించి చెప్పుకోవాలి. నెపోలియన్ హిల్ 'థింక్ అండ్ గ్రో రిచ్' 1937లో వచ్చింది. అమెరికాలో మహా మాంద్యం, లక్షల మంది ఉద్యోగాలు ఊడి గంజి లైన్లలో నిలబడ్డ రోజులు. ఆ లైనులో ఉన్నవాళ్లకు ఆయన చెప్పింది, ఆలోచించండి, ధనవంతులు కండి అని. ఈ రహస్యం తనకు 1908లో ఉక్కు కుబేరుడు ఆండ్రూ కార్నెగీ స్వయంగా పిలిచి అప్పగించాడని హిల్ చెప్పుకున్నాడు. కార్నెగీ 1919లోనే పోయాడు, కాదనడానికి మనిషి లేడు. కార్నెగీ జీవితాన్ని కాగితం కాగితం గాలించి పెద్ద గ్రంథం రాసిన చరిత్రకారుడు డేవిడ్ నాసాకు మాత్రం వాళ్లిద్దరూ కలిసినట్టు ఒక్క ఆధారమూ దొరకలేదు. మనుషులను ఆకట్టుకోవడం ఎలాగో 1936లో లోకానికి నేర్పిన డేల్ కార్నెగీకీ ఆ కుబేరుడికీ చుట్టరికం లేదు. డేల్ గారి ఇంటిపేరు స్పెల్లింగు వేరేగా ఉండేది, ఆయనే కుబేరుడి స్పెల్లింగులోకి మార్చుకున్నాడు. మన 'యూ కెన్ విన్' రచయిత శివ్ ఖేరా 2004లో దక్షిణ ఢిల్లీ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు పోటీ చేశారు. గెలవలేదు. ఓటర్లు ఆ పుస్తకం చదివి ఉండరు.

వీళ్లందరిలో నాకు ఎక్కువ అభిమానం రాబర్ట్ కియోసాకి మీద. 'రిచ్ డాడ్ పూర్ డాడ్' 1997 నాటిది. దాదాపు 2.4 కోట్ల డాలర్లు చెల్లించాలని కోర్టు తీర్పిచ్చాక 2012లో ఆయన కంపెనీల్లో ఒకటి దివాలా పిటిషన్ వేసింది. దివాలా కంపెనీయే తీసింది, ఆయన కాదు. పుస్తకంలో అసలు పాఠం అదే కదా, మనమే సరిగా చదవలేదు.

ఈ పుస్తకం మన ఇంటికి బామ్మర్ది ద్వారా వస్తుంది. ప్రతి తెలుగింటికీ ఇలాంటి బామ్మర్ది ఒకడుంటాడు. ఆదివారం భోజనాల వేళకు కొత్త టై కట్టుకుని దిగుతాడు.

"బావా, నువ్వు డబ్బు కోసం పనిచేస్తున్నావా, డబ్బు నీ కోసం పనిచేస్తోందా?"

"ముందు పప్పు కలుపుకోరా."

"అదే బావా నీ మైండ్‌సెట్టు. ఎడమవైపు ఇద్దర్ని, కుడివైపు ఇద్దర్ని చేర్చు. వాళ్లు ఇంకో ఇద్దర్ని. ఆర్నెల్లలో అక్కకు ఒంటినిండా బంగారం."

అక్క వంటగదిలోంచి తొంగిచూస్తుంది. ఆ చూపుతో బావ పని అయిపోయింది. గొలుసుకట్టు డబ్బు పథకాలను నిషేధిస్తూ 1978లోనే పార్లమెంటు చట్టం చేసిన మాట బావకు తెలుసు, చెప్పి చూస్తాడు కూడా. కానీ చట్టం అనేది ప్రతికూల ఆలోచన. బామ్మర్ది ప్రతికూల ఆలోచనలు దగ్గరికి రానివ్వడు, సెమినారులో అలా చెప్పారు. కుడి, ఎడమ చేర్చినవాళ్లు రేపు ఇంటి మీదికొస్తే, వాళ్లకు పంచడానికి డిక్కీలో ఇంకో పాతిక పుస్తకాలున్నాయి.

పుస్తకాల్లోని కథల దగ్గరికొద్దాం. గద్ద కథ మీరు వినే ఉంటారు. వినకుండా తెలుగునేల మీద డిగ్రీ పూర్తిచేయడం కుదరదు. గద్దకు నలభై ఏళ్లు వచ్చేసరికి ముక్కు వంగిపోతుందట, గోళ్లు మొద్దుబారతాయట. అప్పుడది కొండెక్కి, ముక్కును రాతికేసి కొట్టి ఊడగొట్టుకుని, కొత్త ముక్కు మొలిచాక దానితో పాత గోళ్లు పీకి, కొత్త గోళ్లతో ఈకలు పీకి, ఐదు నెలల తర్వాత మళ్లీ ఎగిరి ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుందట. స్టేజీ మీద చెప్పేటప్పుడు ఇక్కడ వెనకాల సంగీతం పెంచుతారు. పక్షుల గురించి కాస్త తెలిసిన ఎవరినైనా అడగండి. ముక్కు ఊడిన గద్ద తిండి తినలేక చస్తుంది. అడవిలో గద్ద ముప్పై దాటి బతకడమే అరుదు, ఇక నలభైలో దానికి మధ్యవయసు సంక్షోభం ఎక్కడిది? అయినా ఈ కథ ఎవరికి చెబుతారో గమనించారా? నలభై దాటిన ఉద్యోగులకు, కంపెనీ వాళ్లను సాగనంపే ముందు. గోళ్లు పీక్కో, ఈకలు పీక్కో, నొప్పి మంచిదే, మేం మాత్రం నీ ముక్కు తీసేస్తున్నాం. 1998లో స్పెన్సర్ జాన్సన్ రాసిన 'హూ మూవ్డ్ మై చీజ్' అనే చిట్టి పుస్తకానిదీ ఇదే వైభవం. జున్ను మాయమైతే ఎలుక ప్రశ్నలు వేయదు, బూట్లు వేసుకుని కొత్త జున్ను వెతుక్కుంటుంది. సిబ్బందిని తగ్గించే కంపెనీలు ఈ పుస్తకాన్ని కట్టలు కట్టలుగా కొని పంచాయి. జున్ను తీసింది ఎవరన్న ప్రశ్న పుస్తకం పేరులోనే ఉంది, జవాబు మాత్రం లోపల లేదు. పంచిపెట్టినవాళ్లకు నచ్చింది అదే.

కథలు చాలకపోతే పరిశోధనలు. 1953లో యేల్ యూనివర్సిటీలో చదువు ముగించినవాళ్లలో మూడు శాతం మందే తమ లక్ష్యాలను కాగితం మీద రాసుకున్నారనీ, ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే మిగతా 97 శాతం మంది ఆస్తి కలిపినా ఆ మూడు శాతానికి సరిపోలేదనీ గొప్ప గొప్ప వక్తలు దశాబ్దాల పాటు చెప్పారు. ఒక పత్రిక వాళ్లు ఆరా తీశారు. అలాంటి అధ్యయనం జరగనే లేదని తేలింది. వక్తలను అడిగితే ఒకరు మరొకరి పేరు చెప్పారు. అబద్ధమైతేనేం, స్ఫూర్తి వచ్చిందా లేదా?

రాబిన్ శర్మ 2018లో పొద్దున్నే ఐదింటికి లేవమన్నాడు. లేచాక మొదటి ఇరవై నిమిషాలు వ్యాయామం, తర్వాతి ఇరవై ఆత్మపరిశీలన, ఆపైన ఇరవై చదువు. ఐదింటికి లేచినవాళ్లదే లోకమైతే మన ఊళ్లను ఏలుతున్నది ఎవరో తెల్లారకముందే వీధిలోకి వెళ్లి చూడండి. పాలప్యాకెట్లు వేసే కుర్రాడు. తొలి బస్సులో రైతుబజారుకు గోంగూర మూటతో దిగిన ముసలమ్మ. ఆ బస్సు తోలుకొచ్చిన ఆర్టీసీ డ్రైవరు. రిఫ్లెక్టర్ కోటు వేసుకుని డివైడరు పక్క ఇసుక ఊడుస్తున్న మున్సిపాలిటీ కార్మికురాలు. చందా కట్టకుండానే అందరూ ఐదింటికి లేచేవాళ్ల క్లబ్బులో జీవితకాల సభ్యులు. ఇంకా కోటీశ్వరులు ఎందుకు కాలేదంటే, ఊడ్చే ఆవిడ మూడు ఇరవైలూ వ్యాయామానికే కేటాయించేసింది. ఆత్మపరిశీలనకు టైము మిగల్లేదు.

ఇక పెద్దలకు ఉపయోగం అన్నానే, దాని సంగతి. 2022 ఏప్రిల్లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. రాష్ట్రం వచ్చాక అదే మొదటి గ్రూప్-1. కోచింగ్ అభ్యర్థులతో అశోక్‌నగర్, చిక్కడపల్లి గదులు కిక్కిరిసిపోయాయి. ఊళ్లో నాన్న పంపే డబ్బులు, మంచానికి మంచానికి మధ్య జానెడు సందు, గోడ మీద స్టడీ ప్లాను, దాని పక్కన ఓటమి విజయానికి తొలిమెట్టు అని స్టిక్కరు. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. 2023 మార్చిలో పేపర్ల లీకేజీ బయటపడి పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదన్న కేసులో సెప్టెంబరులో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఏకంగా నోటిఫికేషనే రద్దు చేసి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఆ స్టిక్కరు మాత్రం గోడ మీద అలాగే ఉంది. ఓడింది కమిషను, మెట్టు ఎక్కాల్సింది అభ్యర్థి. ఉదయం అద్దం ముందు నిలబడి నేను డిప్యూటీ కలెక్టర్ని అని పదిసార్లు అనుకోమన్న పుస్తకంలో, పేపరు అమ్ముకున్నవాడు ఉదయం అద్దం ముందు ఏమనుకుంటాడో రాయలేదు. వాడూ లక్ష్యం మీద గురిపెట్టినవాడే కదా, పైగా సాధించాడు.

ప్రభుత్వాలకు ఉచిత సలహా ఒకటిస్తాను. జాబ్ క్యాలెండరు మానేసి నిరుద్యోగికి తలా ఒక వ్యక్తిత్వ వికాస పుస్తకం పంచండి. ఖజానాకు చవక. కోర్టు రద్దు చేయలేదు, ఎవరూ లీకు చేయరు. లీకు చేసినా కొత్తగా తెలిసేదేమీ లేదు.

2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే ఆమెకు వచ్చింది 99. ఆ ఫలితాల తర్వాత కొద్దిరోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఈ ఒక్క చోట నవ్వించడం నా వల్ల కాదు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మన మేధావులు మొదట మాట్లాడేది పిల్లల ఆత్మస్థైర్యం గురించి. కాలేజీలో మోటివేషన్ క్లాసు పెట్టిస్తారు, కోటు వేసుకున్నాయన వచ్చి గద్ద కథ చెబుతాడు. తొంభైతొమ్మిదిని సున్నాగా దిద్దిన చేతికి ఏ క్లాసు పెట్టాలో మాత్రం ఎవరికీ తోచదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి కాళ్లు వణుకుతున్న కుర్రాడికి నాలుగు ధైర్యపు మాటలు చేదా? కావు. ఇంగ్లీషు రాదని ముడుచుకుపోయిన పల్లెటూరి పిల్ల యండమూరిని చదివి స్టేజీ ఎక్కి ఉంటే సంతోషమే. పేచీ ధైర్యంతో కాదు. ఆ ధైర్యం అమ్మేవాడు, దానికి అడ్డంపడ్డ ప్రపంచాన్ని పుస్తకంలోంచి చెరిపేయడంతో.

మొదట్లో ఇలా లేదు. ఈ జాతి పుస్తకాలకు మూలపురుషుడు శామ్యూల్ స్మైల్స్. ఆయన 'సెల్ఫ్ హెల్ప్' 1859లో వచ్చింది, డార్విన్ పెద్ద పుస్తకం వచ్చిన ఏడే. దాని పుట్టుక లీడ్స్ పట్టణంలో. కొందరు పేద కుర్రాళ్లు సాయంత్రాలు ఒకచోట చేరి, వచ్చినవాడు రానివాడికి నేర్పుతూ చదువుకునేవారు. అంతకుముందు కలరా ఆస్పత్రిగా వాడిన ఓ మాసిన గది అద్దెకు తీసుకున్నారు. వాళ్లు రమ్మని పిలిస్తే స్మైల్స్ వెళ్లి మాట్లాడాడు, ఆ మాటలే తర్వాత పుస్తకమయ్యాయి. కలరా గదిలో ఒకరికొకరు చదువు చెప్పుకున్న గుంపు పోయి, పుస్తకం పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు అదే సంప్రదాయం, నీ చుట్టూ ఉన్న ప్రతికూల మనుషులను దూరం పెట్టు అంటోంది. గదిలో నలుగురుంటే ముగ్గురు ప్రతికూలులే, ఎందుకంటే వాళ్లు అద్దె సంగతి అడుగుతారు.

మనకూ ఒక కాలం ఉండేది. వాట్సాపులో లింకన్ ఓటముల జాబితా మీకూ వచ్చే ఉంటుంది, అందులో ఆయన వ్యాపారంలో ఓడి, ఎన్నికల్లో ఓడి, మళ్లీ ఓడి, చివర్న ఉన్నట్టుండి అధ్యక్షుడవుతాడు. మధ్యలో ఇల్లినాయ్ శాసనసభకు వరసగా నాలుగుసార్లు గెలిచినవి జాబితా నుంచి తీసేస్తారు, స్ఫూర్తికి అడ్డమని. తెలుగులో లింకన్ ఇలా రాలేదు. విజ్ఞాన చంద్రికా మండలి 1907లో వేసిన మొట్టమొదటి పుస్తకమే 'అబ్రహాం లింకన్ చరిత్ర'. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. బానిసత్వం రద్దు చేసినవాడి కథను తెల్లవాడి పాలనలో బతుకుతున్న జనానికి ఎందుకు చెబుతున్నారో చదివినవాళ్లకు తెలుసు, దొరలకూ తెలుసు. మరుసటి ఏడాదే 'స్వరాజ్య' పత్రికలో రాతలకు గాడిచర్లను రాజద్రోహం కింద జైల్లో వేశారు. ఆయనా జీవిత చరిత్రే రాశాడు, స్ఫూర్తి కోసమే రాశాడు. సెమినారుకు టిక్కెట్టు మాత్రం పెట్టలేదు.

అప్పటి పెద్దలకు పాఠకుడి ఎదుగుదల అంటే పాఠకుడికి పుస్తకం అందడం. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. వేటపాలెంలో సారస్వత నికేతనం కట్టారు. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు, గట్టున ఉన్నవాళ్లు వచ్చి తీసుకునేవారు. ఏ ఊరి రేవులోనూ పాఠకుణ్ని ముందు నీ మైండ్‌సెట్టు మార్చుకో అని అడగలేదు.

ఈసారి కోటు బొమ్మ పుస్తకానికి డబ్బు తీసేముందు ఇంట్లో ఆస్తి పన్ను రసీదు ఒకసారి వెతకండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గీత ఉంటుంది, పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. వసూలు చేసేది మున్సిపాలిటీ లేదా పంచాయతీ, జమ చేయాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. చాలాచోట్ల ఆ సొమ్ము ఏళ్ల తరబడి బకాయి పడి ఉంది. మీ ఊరి సొమ్ము ఎంత వసూలైంది, ఎంత జమైంది, దానితో ఏ పుస్తకాలు కొన్నారు, ఈ మూడూ అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలకు మించదు.